సున్నపురాయితో చేసిందని చెప్పాను

మే 19

చీము ఆగింది. రక్తపరీక్షలన్నీ బాగున్నాయి. ఇక మిగిలింది ఖాళీయే.

ఎక్స్‌రేలో నాన్న మోకాలికీ మడమకీ మధ్య నా చూపుడు వేలంత మేర ఎముక లేదు. ఫిబ్రవరిలో మిర్చి బస్తాలతో యార్డుకి వెళ్తూ ట్రాలీ తిరగబడినప్పుడు అక్కడే నుజ్జయింది. మార్చిలో తుంటి నుంచి తీసి పెట్టిన ముక్క చీముపట్టి కరిగిపోయింది. ఇప్పుడు నాన్న కాలు చుట్టూ ఇనప రింగులున్నాయి, లోపల ఉండాల్సింది లేదు.

డాక్టర్ నాగేంద్రబాబు గారు నన్ను వరండాలోకి పిలిచారు. "ఇంకోసారి తుంటి ఎముక తియ్యలేనమ్మా, షుగరు మనిషి. మీ బ్లాకు పెడదాం. ట్రయల్లో చేర్చుకుంటాను. అది కూడా పట్టకపోతే మోకాలి కిందకి తీసెయ్యడమే. దేంతో చేస్తారో, ఎలా చేస్తారో ముందు నువ్వే చెప్పు. నా మాటకన్నా నీ మాట ఎక్కువ వింటారాయన."

మా బ్లాకు అంటే, ఎముక లేని చోట పెట్టడానికి మా ల్యాబులో నేను కాల్చే బ్లాకే. నాలుగేళ్ళుగా ఎవరెవరి కాళ్ళకో పనికొస్తుందని కాలుస్తున్నాను. మా ఇంటికే వస్తుందని అనుకోలేదు.

మే 20

నాన్నకు వివరంగా చెప్పాను. ఒప్పుకున్నాడు. పెద్ద బరువు దిగింది.

మే 21

తొమ్మిది వందల డిగ్రీలు దాటాక ఎముకలో జంతువు మిగలదు. కొవ్వు పోతుంది, మాంసకృత్తులు పోతాయి, రంగు పోతుంది, వాసన పోతుంది. మిగిలేది తెల్లటి కాల్షియం ఫాస్ఫేటు. అది ఖనిజం. ఖనిజాన్ని రాయి అంటే తప్పేమిటి? ఏ జియాలజీ మాస్టారినైనా అడగండి.

ఇక్కడ ఎవరిని అడగమంటున్నాను నేను?

మే 23

రాసేస్తే పోతుంది. ఎవరూ చూడరు కదా.

మా బ్లాకులు సేద్యానికి పనికిరాని ముసలి ఎద్దుల తొడ ఎముకతో చేస్తాం. లైసెన్సున్న కబేళా, పశువుల డాక్టరు సర్టిఫికెట్, అన్నీ సక్రమమే. ఉడకబెట్టి, కొవ్వు తీసి, కోసి, ఫర్నేసులో కాలుస్తాం. ఎముకలోని సన్నటి రంధ్రాలు అలాగే నిలుస్తాయి. తీగ పందిరిని అల్లుకున్నట్టు మనిషి ఎముక వాటిలోకి అల్లుకుంటుంది. చేత్తో చేసిన ఏ రంధ్రమూ దానికి సాటిరాదు.

మా నాన్న బండలాగుడు పందేలకు ఒంగోలు గిత్తల్ని మేపిన మనిషి. అవి ముసలివైనా సంతకి తోలలేదు. రెండిటినీ మా చేలోనే, గట్టు పక్కన, కొత్త తువ్వాళ్ళు కప్పి పాతిపెట్టాడు. మా బాబాయి తన ఎద్దును కబేళావాళ్ళకి అమ్మాడని తెలిశాక, ఆయన పోయేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. నా ఉద్యోగం గురించి నాన్నకు నేను ఎప్పుడూ చెప్పింది, "ఎముకలకి సంబంధించిన సిరామిక్ నాన్నా" అనే. ఆయనా అంతకుమించి అడగలేదు.

మొన్న అడిగాడు. నేను ఎలా పెడతారో, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఆపి, "ఇంతకీ దేంతో చేస్తారమ్మా అది?" అన్నాడు.

నిజం నోటి దాకా వచ్చింది. ఆయన కాలి వైపు చూశాను. "సున్నపురాయితో నాన్నా. దాచేపల్లి రాయి" అన్నాను.

నాన్న మొహం వెలిగిపోయింది. పక్క మంచం మీది ఆయన్ని కేకేశాడు. "ఏం బుల్లయ్యా, విన్నావా? మన దాచేపల్లి రాయేనంట! ఊళ్ళో ఇళ్ళన్నీ నిలబెట్టిన రాయి నా కాలు నిలబెట్టలేదా ఏంటి?"

"నిజంగానేనా బాపయ్యా?" అన్నాడు బుల్లయ్య.

"మా తేజ చెప్పిందంటే చెప్పిందే."

అది ఆయన ఊతపదం. మిర్చి ఎప్పుడు అమ్మాలో, కోల్డ్ స్టోరేజీలో ఎప్పుడు పెట్టాలో నన్నడిగే చేస్తాడు. నేను ఫోన్లో రేటు చూసి చెప్తే ఇంకొకర్ని అడగడు.

నిజం చెప్తే వద్దంటాడు. వద్దంటే కాలు పోతుంది. అంతే. ఇందులో ఇంతగా ఆలోచించడానికి ఏముంది?

మే 24

తొమ్మిది వందల డిగ్రీలు దాటాక ఎముకలో జంతువు మిగలదు.

మే 28

ఆపరేషన్ జూలై 9న. ఈలోపు షుగరు అదుపులోకి రావాలి. అన్నం తగ్గించారని నాన్న అమ్మ మీద విసుక్కుంటున్నాడు. "జొన్నరొట్టె పెట్టి చంపుతుంది ఈ వెంకటేశ్వరమ్మ" అని నర్సులకి ఫిర్యాదు. గొంతు పెద్దదైందంటే ఒంట్లో బాగున్నట్టే లెక్క.

ఇవాళ బస్సులో వస్తుంటే తట్టింది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో. సున్నపురాయితో చెయ్యొచ్చు. పుస్తకాల్లో ఉన్నదే. రాయిని కాల్చి, సున్నం చేసి, ఫాస్ఫారిక్ ఆసిడ్ కలిపితే అదే పదార్థం వస్తుంది. దాన్ని జారుగా కలిపి, స్పాంజిని ముంచి, ఆరబెట్టి కాలిస్తే స్పాంజి పోయి రాయి మిగులుతుంది, రంధ్రాలతో సహా. చేస్తాను. అప్పుడు నేను చెప్పింది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం అవుతుంది.

మనసు ఎంత తేలికైందో!

మే 31

దాచేపల్లి వెళ్ళి రాయి తెచ్చాను. గనుల దగ్గర టీ కొట్టు ఆయన, "ఎందుకమ్మా, అక్వేరియంలోకా?" అన్నాడు. అవునన్నాను. ఈమధ్య నోటికి ఎంత అలవాటైపోయిందో.

జూన్ 4

పగిలింది.

జూన్ 6

పగిలింది. పిండి జారు ఎక్కువైనట్టుంది. దోసెల పిండి కాదు, గారెల పిండికి కాస్త అటూ ఇటూ ఉండాలి.

జూన్ 9

పగల్లేదు, కూలిపోయింది. ట్రేలో ముగ్గుపిండిలా ఉంది. షిరీన్ చూసింది. మా ల్యాబులో కణాల పని తనది. బ్లాకు మీద ఎముక కణాలు బతుకుతాయో లేదో చూసి చెప్పేది తనే. "ఏ ప్రాజెక్టే ఇది?" అంది. "ఊరికే, సరదాకి" అన్నాను.

"నీకు సరదా అంటే ఏంటో తెలుసా?" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

జూన్ 11

ఏరువాక పున్నమి.

అమ్మ ఊరెళ్ళింది, గిత్తల్ని పాతిన చోట దీపం పెట్టడానికి. నాన్న మంచం పట్టింది లగాయతు ఆయన మనసంతా ఈ రోజు మీదే ఉంది. వీడియో కాల్ పెట్టాం. అమ్మ ఫోను తలకిందులుగా పట్టుకుంది. మొదట కంది చెట్లూ, తర్వాత ఆకాశం, ఆ తర్వాత పసుపూ కుంకుమా పెట్టిన మట్టిదిబ్బా కనిపించాయి. నాన్న ఆసుపత్రి మంచం మీదే చెప్పులు లేవని చూసుకుని, ఫోనుకి దణ్ణం పెట్టాడు.

"ఈసారికి రాలేకపోయాను రా అయ్యా" అన్నాడు, మట్టిదిబ్బతో. "రాయి కాలు వేసుకుని పై ఏటికి వస్తా. మా తేజ చేస్తంది."

నేను బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కింది నేను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

జూన్ 13

పగిలింది.

జూన్ 18

వచ్చింది! ఒక్కటి చెక్కుచెదరకుండా వచ్చింది! వేడి పెంచడం బాగా నెమ్మది చేశాను. స్పాంజి కాలి గాలిగా పోయేదాకా ఓపిక పట్టాలి, తొందరపడితే ఆ గాలే పగలగొడుతుంది. తెల్లగా, తేలికగా, అరచేతిలో ఎంత ముద్దుగా ఉందో. పక్కన మా మామూలు బ్లాకు పెట్టి చూశాను. తేడా తెలియదు.

షిరీన్‌కి చూపించాను. సరదా కాదని అప్పటికే పసిగట్టింది. మొత్తం చెప్పించింది. విన్నాక చాలాసేపు బ్లాకుని అటూ ఇటూ తిప్పింది.

"బాగా వచ్చింది. పేపరు రాసుకో. కణాలు బతుకుతాయో తెలీదు, కుందేలు కాల్లో పెట్టి చూడలేదు, పర్మిషన్ లేదు. ఇది మనిషికి పనికొచ్చేది ఎప్పటికో, అసలు వస్తుందో లేదో" అంది.

"నాకు తెలుసులే. ఊరికే చేశాను."

"ఊరికేనే కదా?"

"ఊరికేనే."

జూన్ 20

స్టెరిలైజ్ చేయించడానికి హైదరాబాదు వెళ్ళే పెట్టెలో దాన్ని కూడా వేశాను. మామూలు ప్యాకెట్లో వేసి సీలు చేశాను. గుర్తుకి మూల చిన్న ఇంకు చుక్క పెట్టాను. స్టెరిలైజ్ చేస్తే పగుళ్ళు వస్తాయేమో చూద్దామని. పరిశోధనకి పనికొస్తుంది.

జూలై 1

పెట్టె వచ్చింది. పగుళ్ళు రాలేదు.

ఆపరేషనుకి ప్యాకెట్లు ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనే. ఈ సంగతి ఇక్కడ రాయాల్సిన అవసరం లేదు, నాకు తెలిసిందే. అయినా రాశాను.

జూలై 3

రసాయనం ఒకటే. ఎక్స్‌రేలో ఒకటే. రంధ్రాల సైజు దాదాపు ఒకటే. స్టెరిలైజూ అయింది. నాన్న అడిగిందీ రాయే. ఎవరికి నష్టం?

ఇంకో పక్క రాయితో అదే పద్ధతిలో చేసిన ఇంకో బ్లాకుని, కాస్త అంచు విరిగినదాన్ని, ప్రెస్సు కింద పెట్టాను. మీట తిప్పుతుండగానే పటుక్కుమంది. నాన్న బరువులో సగానికి కూడా ఆగలేదు. మా మామూలు బ్లాకు దానికి ఎన్నో రెట్లు ఆగుతుంది.

కానీ అది అంచు విరిగిన బ్లాకు. ఇది వేరు. ఇది మంచి బ్లాకు. పైగా రింగులు ఉంటాయి కదా, బరువంతా దాని మీద పడదు.

జూలై 6

షిరీన్ నా డ్రాయర్ తెరిచింది, స్టేప్లర్ కోసం. ఇంకు చుక్క ప్యాకెట్ బయటికి తీసి నా ముందు పెట్టింది. కేకలేస్తుందనుకున్నాను. వేస్తే బాగుండేది.

"నీ అబద్ధం నిజం చెయ్యడానికి మీ నాన్న కాలు కావాలా?" అంది.

"ఎద్దు ఎముకని తెలిస్తే ఆయన ఒప్పుకోడే. నీకు తెలీదు మా నాన్న."

"ఒప్పుకోకపోతే ఒప్పుకోడు. కాలు ఆయనది. తేజా, మా అమ్మీకి పన్ను పీకిన చోట ఎముక పొడి వేసేటప్పుడు, అందులో పంది ఉందా అని ముందే అడిగాం. డాక్టరు ఉందన్నాడు. వద్దన్నాం. వేరేది తెప్పించాడు. ఆయన లేదని అబద్ధం చెప్పుంటే? అమ్మీకి తెలియకపోయినా నాకు తెలిసుంటే? ఆమెకి ఎదురుగా కూర్చుని అన్నం ఎలా తినేదాన్ని?"

"ఇక్కడ వేరేది లేదు. తీసెయ్యడమే."

"అది కూడా ఆయనే చెప్పాలి."

ప్యాకెట్‌ని కత్తెరతో చించింది. బ్లాకుని నా అరచేతిలో పెట్టింది. సీలు పోయింది కాబట్టి ఇక ఎవరికీ పెట్టలేం. నాకు కోపం రావాల్సింది. రాలేదు. నిజంగా పెట్టేసేదాన్నా? పెట్టేదాన్ని కాదు. పెట్టేదాన్ని కాదనే అనుకుంటున్నాను.

జూలై 7

అమ్మకి చెప్పాను, క్యాంటీన్లో. అమ్మ టీ గ్లాసు కింద పెట్టి అటూ ఇటూ చూసింది.

"ఎవరికీ చెప్పమాక. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. కాలు నిలబెట్టడానికి ఒక్కటి ఆడితే పాపమా?"

"నాన్నకి తెలిస్తే?"

"ఎట్టా తెలుస్తుంది? కాలు కోసి చూసుకుంటాడా?" అంది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఒంటికాలితో ఆయన్ని నేను చూడలేనమ్మా. నువ్వు చూడగలవా?"

నేను చూడలేను. అందుకే కదా ఇదంతా. అమ్మ అడిగినప్పుడు అర్థమైంది, నేను కాపాడుకుంటున్నది నాన్న కాలుతో పాటు నన్ను కూడా. నిజం విన్నాక ఆయన నా వైపు చూసే చూపుకి భయపడ్డాను.

జూలై 8

చెప్పేశాను.

పొద్దున టిఫిన్ అయ్యాక వెళ్ళాను. బుల్లయ్యని కట్టు మార్చడానికి తీసుకెళ్ళారు. అమ్మ తలుపు దగ్గరే నిలబడి, వద్దన్నట్టు తల ఊపుతూనే ఉంది.

"నాన్నా, నేను నీతో అబద్ధం చెప్పాను. ఆ బ్లాకు సున్నపురాయిది కాదు. ఎద్దు ఎముక. కబేళా నుంచి తెచ్చి కాలుస్తాం."

నాన్న నవ్వాడు. పరాచికాలాడుతున్నానని అనుకున్నాడు. తర్వాత అమ్మ మొహం చూశాడు.

రాయితో చెయ్యడానికి ప్రయత్నించానని, అది నిలవలేదని, ఇంకో దారి లేదని గబగబా చెప్పుకుపోయాను. తొమ్మిది వందల డిగ్రీల సంగతి కూడా మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

"ఏ ఊరి ఎద్దు?"

"తెలీదు నాన్నా."

"ఎవరి ఎద్దో కూడా తెలీదా?"

"తెలీదు."

మంచినీళ్ళు అడిగాడు. అమ్మ గ్లాసు ఇచ్చింది. తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మా నాన్న పెద్ద గొంతు మనిషి. అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"బతికున్నన్నాళ్ళూ అరక దున్నించుకున్నాం, బండలు లాగించుకున్నాం. చచ్చినాక కూడా నా బరువు మొయ్యమంటన్నారు దాన్ని."

"వద్దంటే మానేద్దాం నాన్నా" అన్నాను. అని, నిజంగానే అంటున్నానని తెలుసుకున్నాను. "నీ ఇష్టం. డాక్టరుగారికి నేను చెప్తాను."

గ్లాసు అమ్మ చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"డాక్టరుగారిని పిలువు" అన్నాడు.

ఆయన వచ్చారు. నాన్న అన్నీ మొదట్నుంచీ అడిగాడు. దేంతో చేస్తారు, ఎట్టా కాలుస్తారు, పట్టకపోతే ఏమవుద్ది, తీసేస్తే ఏమవుద్ది. నేను నెలన్నర కిందట చెప్పినవే కొన్ని. వాటినీ మళ్ళీ అడిగాడు. డాక్టరుగారు చెప్తూ మధ్యలో నా వైపు చూశారు. ఆ చూపులో ఏముందో నేను రాయను.

ఆయన వెళ్ళాక నాన్న పడుకున్నాడు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"పెట్టమన్నాను" అన్నాడు. "చేనుంది, మీ అమ్మ ఉంది. లేవాలి నేను. ఎద్దు సంగతి నేను ఎద్దుతో చూసుకుంటా. నువ్వు నాతో ఆడిన అబద్ధం సంగతి ఎవరితో చూసుకోమంటావు?"



"రాయి కాలని వార్డంతా చెప్పుకున్నానే" అన్నాడు, తనలో తనే.

జూలై 9

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. స్పృహ వచ్చాక అమ్మని పిలిచాడు.

జూలై 22

ఇంటికి తీసుకొచ్చాం. మాట్లాడుతున్నాడు. అన్నం తిన్నావా, బస్సు దొరికిందా, అన్నీ అడుగుతాడు. ఏమీ మారలేదు. నేనే ఎక్కువ ఊహించుకుంటున్నాను.

ఆగస్టు 17

ఆదివారమని ఊరెళ్ళాను. నాన్న వరండాలో కాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా దాటుకుని వెళ్తుంటే, "నీ కాలు దీనికి తగలనీయమాక" అంటున్నాడు. నొప్పని అనుకున్నాను. అమ్మ చెప్పింది, నొప్పి కాదంట. రోజూ పొద్దున్నే స్నానం కాగానే ఆ కాలికి పసుపు రాసి దణ్ణం పెట్టుకుంటాడంట.

ఎద్దుతో చూసుకుంటున్నాడు.

సెప్టెంబరు 14

కోల్డ్ స్టోరేజీలో సరుకు తీస్తే ఎలా ఉంటుందని మాటొచ్చింది. ఫోను తీసి రేటు చూసి చెప్పాను. "ఊఁ" అన్నాడు. నేను చెప్పులేసుకుంటుంటే వినిపించింది. మిర్చి వ్యాపారం చేసే బుడాన్‌కి ఫోన్ చేసి, "ఏం బుడానూ, ఇవాళ యార్డులో రేటెంత?" అని అడుగుతున్నాడు.

బుడాన్ ఏం చెప్పాడో వినకుండా వచ్చేశాను. నేను చెప్పింది సరైన రేటే.

అక్టోబరు 5

ఏమీ మారలేదని జూలైలో రాశాను. కొట్టివేయడం లేదు. అలాగే ఉండనీ.

నవంబరు 12

ఎక్స్‌రే. నాన్న చేతికర్రతో నడుచుకుంటూ డాక్టరు గదిలోకి వచ్చాడు. రింగులు తీసేసి నెల దాటింది. నేను వెనకాల నడిచాను, పడితే పట్టుకుందామని. పడలేదు.

డాక్టరుగారు ఫిల్మును లైటు మీద పెట్టారు. నేను ఇలాంటివి ఎన్నో చూశాను. ఆయన నోరు విప్పకముందే నాకు తెలిసిపోయింది. రెండు వైపుల నుంచీ కొత్త ఎముక బ్లాకులోకి పాకింది. ఎక్కడ బ్లాకు ఆగిందో, ఎక్కడ మా నాన్న మొదలయ్యాడో గీత కనబడటం లేదు. నా నాలుగేళ్ళ పనిలో ఇంత అందమైనది చూడలేదు. ఆగలేకపోయాను.

"పట్టింది నాన్నా! ఎముక పూర్తిగా పట్టేసింది. ఇక కాలు నీదే!"

నాన్న నన్ను చూశాడు. ప్రేమగానే చూశాడు. తర్వాత డాక్టరుగారి వైపు తిరిగాడు.

"అమ్మాయి చెప్పింది నిజమేనాండి?" అన్నాడు.

"నిజమేనండీ బాపయ్య గారూ" అన్నారాయన.

అప్పుడు నవ్వాడు నాన్న.